సగం క

అత్తగారు పోయారు, మామగారు పోయారు, అల్లుడా అని పిలిచే నోరు ఒక్కటీ మిగల్లేదు. అయినా అతనికి చిన్నల్లుడన్న పేరు మాత్రం పోలేదు. అచ్చాఫీసులో తోటివాళ్ళూ, వీధి చివర టీ కాచేవాడూ, చివరికి పంటి డాక్టరు దగ్గర చీటీలిచ్చే అమ్మాయీ చిన్నల్లుడుగారనే అనేవాళ్ళు. చిన్నల్లుడున్నాడంటే పెద్దల్లుడొకడు ఉండాలి. ఉన్నాడు. ఆయన ఉండటమే ఇతని జీవితమైంది.

పెద్దల్లుడు పెడల్ స్టీల్ గిటారు వాయించేవాడు. అది ఒళ్ళో పెట్టుకునేదీ కాదు, భుజానికి తగిలించుకునేదీ కాదు. బల్లలాగా నాలుగు కాళ్ళ మీద నిలబడుతుంది. పైన పది తీగలు. ఎడమచేత్తో ఉక్కు కడ్డీని తీగల మీద జరుపుతూ కుడిచేతి వేళ్ళకు తొడుగులు పెట్టుకుని మీటాలి. కింద కుట్టుమిషనుకు ఉన్నట్టు పెడళ్ళు. మోకాళ్ళకు అటొకటి ఇటొకటి ఇనప మీటలు. పాదం నొక్కితే ఒక తీగ బిగుస్తుంది, మోకాలు నెడితే ఇంకొకటి వదులవుతుంది. బిగుసుకునే ఆ తీగే ఏడుస్తుంది, ఆ వదులయ్యే తీగే నిట్టూరుస్తుంది. "సంసారంలాంటిదండీ ఇది. పైన కనిపించేది వేరు, కింద జరిగేది వేరు" అనేవాడు పెద్దల్లుడు, తను వాయించే కచేరీ హాల్లో పాట మొదలుపెట్టేముందు. జనం నవ్వేవాళ్ళు. చిన్నల్లుడు కూడా నవ్వేవాడు, అందరికంటే కాస్త ఆలస్యంగా.

పెళ్ళైన కొత్తలో ఒక్కసారి అతనూ ఆ వాద్యం ముందు కూర్చున్నాడు. అత్తవారింటి ముందుగదిలో అందరూ ఉన్నారు. పాదం వేసీ వెయ్యగానే పెద్దల్లుడు చెవులు మూసుకుని, "తమ్ముడూ, నువ్వు తొక్కింది పెడల్నా, పిల్లినా?" అన్నాడు. కొత్త పెళ్ళికూతురు కూడా పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. అతను లేచాడు. మళ్ళీ ఎప్పుడూ దాని ముందు కూర్చోలేదు.

కూర్చోలేదుగాని వదల్లేదు. అచ్చాఫీసులో పగలంతా పెళ్ళిపత్రికలూ రసీదు పుస్తకాలూ పేజీ కూర్చే మనిషి. ఎక్కడ ఎంత ఖాళీ వదిలితే కంటికి ఊపిరాడుతుందో అతని చేతికి తెలుసు. పెద్దల్లుడి దగ్గర నేర్చుకునేవాళ్ళు తలో కాగితం మీద తలో రకంగా గిలికి, మర్నాటికి తమ రాత తామే చదువుకోలేక తిట్లు తినేవాళ్ళు. అది చూసి అతను నోటేషన్ సాఫ్ట్‌వేర్ ఒకటి సంపాదించి, ఏ తీగ ఎక్కడ మీటాలో చూపే ట్యాబ్ రాయడం మొదలుపెట్టాడు. ఆ సాఫ్ట్‌వేర్ మామూలు గిటారుకు ఆరు గీతలు గీసేది. దాన్ని బతిమాలి బామాలి పది గీతలు గీయించాడు. ఒక్కో గీత ఒక్కో తీగ. కడ్డీ ఏ మెట్టు మీద ఉండాలో అంకె. అంకెలు మెట్లకు పోయాయి కాబట్టి పెడళ్ళకు అంకెలు పెడితే చదివేవాడు తికమకపడతాడని వాటికి క, చ, ట అని పేర్లు పెట్టాడు. మోకాళ్ళకు ఎ, కు. ఎడమ, కుడి. పక్కన చిన్న బాణం, మోకాలు ఎటు నెట్టాలో చెప్పడానికి. ఈ గుర్తులేవీ సాఫ్ట్‌వేర్‌లో లేవు. అన్నీ తనే గీసి ఫాంటు తయారుచేసుకున్నాడు. అంకె పక్కనే అక్షరం, తాకీ తాకనట్టు. పేజీ తిప్పాల్సిన చోట ఎప్పుడూ ఒక విరామం, చెయ్యి ఖాళీ అయ్యేటట్టు.

ఆ ట్యాబ్ చదివి దారి తప్పినవాడు లేడు. అతనికి ఉన్న గర్వమల్లా అదొక్కటే. మనిషికి ఒక్కటే గర్వం ఉంటే దాన్ని పులిలాగా కాపలా కాస్తాడు.

పెద్దల్లుడు వాయిస్తూ చెప్పేవాడు, ఇతను పక్కన స్టూలు మీద కంప్యూటర్ పెట్టుకుని రాసేవాడు. ఒకరోజు ఎడమ మోకాలికి ఎడమవైపున్న మీట ఎక్కడ వస్తుందని అడిగాడు.

"అదా? అది ఖాళీ మీట. తయారుచేసినవాడు ముచ్చటపడి పెట్టాడు. వాచీకి అలారం ఉన్నట్టు."

"మరి ఇక్కడ అయిదో తీగ మధ్యలో ఆగుతోంది కదండీ అన్నగారూ? క నొక్కితే పూర్తిగా పైకి పోతుంది, నొక్కకపోతే కిందే ఉంటుంది. ఈ మధ్యదెలా?"

"క సగం నొక్కాలి."

"సగమా?"

"సగమే. పాదంలో ఉండాలి తమ్ముడూ ఆ కొలత. నీకు చెప్పినా ఏం లాభం, నీది పిల్లిని తొక్కే పాదం. రాయి."

చిన్నల్లుడు రాశాడు. ఊరికే రాయలేదు. ఆ సగానికి ఒక గుర్తు కావాలి కదా అని రోజుల తరబడి కూర్చుని ఒక అక్షరం చెక్కాడు. పైసగం నల్లగా నిండిన క, కిందిసగం ఉత్త గీత. చూడగానే ఎంత నొక్కాలో కంటికే తెలిసిపోతుంది. అతను చేసిన గుర్తులన్నిటిలోకీ అందమైనది అదే. వాడకుండా మిగిలిపోయినది ఒకే ఒకటి, ఎ పక్కన ఎడమవైపు బాణం.

ఆ సగం క నేర్చుకునేవాళ్ళందరికీ కొరకరాని కొయ్యైంది. పెద్దల్లుడి పాటల్లో జనం కళ్ళు తుడుచుకునే చోట్లన్నీ అవే. వాళ్ళు నొక్కితే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. "నాకివాళ పావు క పడిందిరా" అని ఒకడు, "నాకు ముప్పావు క, పైన కొసరు కూడా" అని ఇంకొకడు. రాసినాయనకు సగం క గారని పేరు పెట్టారు. పెద్దల్లుడు వాళ్ళ పాదాల వైపు చూసి నిట్టూర్చి, "పుట్టుకతో రావాలమ్మా" అనేవాడు. వాళ్ళు కొన్నాళ్ళు తంటాలు పడి, తమ కాళ్ళను తామే తిట్టుకుని మానేసేవాళ్ళు. హాల్లో ఆయనకు పోటీ అన్నది ఏనాడూ లేదు.

మానెయ్యనిది చిన్నల్లుడి కూతురొక్కతే. దానికి చెవి ఉంది, పట్టుదల ఉంది. బడి నుంచి వచ్చి పెదనాన్న ఇంటికి పరిగెత్తేది. పెద్దమ్మ పెట్టిందేదో నోట్లో కుక్కుకుంటూనే పెడళ్ళ మీద కాళ్ళు పెట్టేది. చదువు అయ్యేనాటికి పాటలన్నీ వచ్చేశాయి, ఆ సగం చోట్లు తప్ప. అక్కడ కూడా నాలుగుసార్లలో ఒకసారి సరిగ్గా పడేది.

హాలు యజమాని వారం మధ్యరోజులకు ఇంకొకరు కావాలన్నాడు. వచ్చి ఒక పాట వాయించి వినిపించమన్నాడు. ఆ పిల్ల ఆ ఉద్యోగం తప్ప ఇంకేదీ కోరుకోలేదు. ఇంకేదీ వెతుక్కోనూ లేదు. వెళ్ళి పెదనాన్న పాటే వాయించింది, వాళ్ళ నాన్న ట్యాబ్ ఎదురుగా పెట్టుకుని. మొదటి సగం విని యజమాని చేతిలో ఫోను కింద పెట్టేశాడు. తర్వాత ఆ చోటు వచ్చింది. పాదం వణికింది. తీగ ఎక్కాల్సినంత ఎక్కక, ఆగాల్సిన చోట ఆగక, తాగినవాడు మెట్లు దిగినట్టు కిందికి జారింది. వెనక డ్రమ్ములాయన సరదాకి దబ్బున ఒక్కటి వాయించాడు. అందరూ నవ్వారు. పాటలో ఆ చోటు మూడుసార్లు వస్తుంది. మూడోసారికి నవ్వడం కూడా మానేశారు.

ముందు వరసలో కూర్చున్న పెద్దల్లుడు లేచి, కూతురులాంటి దాని తల నిమిరి, అందరికీ వినపడేటట్టు అన్నాడు: "పిల్ల తప్పేం లేదండీ. రాసింది రాసినట్టు వాయించింది. మా తోడల్లుడి రాత అది. ఆయన గీతలు గీస్తాడు, పాపం, వాయించడం తెలీదు."

చిన్నల్లుడు గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు. కూతురు ఓడిపోవడం కంటే ఆ మాటే అతనికి లోతుగా దిగింది. ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా కంప్యూటర్ పెట్టి, పాట ఫైలు తెరిచి, మీట నొక్కాడు. కంప్యూటర్ వాయించింది. ఆ చోటు నిక్కచ్చిగా, మచ్చలేకుండా పలికింది.

"విన్నావా? తప్పెక్కడుంది? మిషను వాయించింది. నువ్వు వాయించలేకపోయావు. రాత సరిగ్గానే ఉంది. నీ పాదమే సరిగ్గా పడలేదు."

"నాన్నా, ఇవాళ వద్దు."

"ఇవాళే కావాలి. మీ పెదనాన్న అందరి ముందూ నా రాత తప్పన్నాడు. నువ్వు చెప్పు. రాత తప్పా, పాదం తప్పా?"

"ఊరుకోండి, పిల్ల ఏడుస్తోంది" అంది భార్య.

"చెప్పమను."

"పాదం" అంది కూతురు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ప్రతి పేజీలోనూ రెండు వరసలు. సాఫ్ట్‌వేర్ వాయించేది పైన ఐదు గీతల మీద, చెవికి వినపడ్డట్టు రాసిన స్వరాలను. కింద పది గీతల మీద ఉన్న అక్షరం దానికి బొమ్మతో సమానం. అక్కడ క రాసినా కాకి బొమ్మ వేసినా అదే పాట పలుకుతుంది. ఈ సంగతి అతనికి తెలియంది కాదు. ఆ పూట తెలుసుకోదల్చుకోలేదు. ఆ పిల్ల మళ్ళీ పెడల్ మీద కాలు పెట్టలేదు. మందుల షాపులో పనికి కుదిరింది. కొన్నాళ్ళపాటు నడిచేటప్పుడు కూడా ఎడమ పాదం ఆచితూచి వేసేది. తల్లి అది చూసి లోపలికి వెళ్ళిపోయేది.

నిజం తర్వాత ఎప్పుడో, ఒక ఎండపూట, నేల మీద దొరికింది. పెద్దల్లుడు హాలు కోసం సాధన చేస్తున్నాడు. వేలి తొడుగు ఒకటి ఊడి కిందపడి దొర్లింది. "తమ్ముడూ, కాస్త చూడు" అన్నాడు, వాయించడం ఆపకుండానే, మిగిలిన వేళ్ళతో. చిన్నల్లుడు మోకాళ్ళ మీద వాద్యం కిందికి దూరాడు. తొడుగు దొరికింది. పైన ఆ చోటు వచ్చింది.

పెద్దల్లుడి పాదం సగం నొక్కలేదు. క పెడల్ని అడుగంటా నొక్కింది. అదే క్షణంలో ఎడమ మోకాలు ఎడమవైపుకు కదిలి ఖాళీ మీటను నెట్టింది. పాదం తీగను పైకి లాగుతోంది, మోకాలు అదే తీగను కిందికి లాగుతోంది. రెంటి మధ్యా నలిగి ఆ తీగ ఎటూ పోలేక సరిగ్గా నడిమధ్య నిలబడి ఏడుస్తోంది. కొలతలేదు, పుట్టుకలేదు. రెండు మీటలు ఒక్కసారి. ఎవరికైనా ఒక పూటలో వచ్చే విద్య.

అతను బయటికి వచ్చి దుమ్ము దులుపుకున్నాడు.

"అన్నగారూ, మీ మోకాలు కదిలింది."

పెద్దల్లుడు వాయించడం ఆపాడు. కోపం రాలేదాయనకు. నవ్వొచ్చింది.

"చూశావా! ఇన్నాళ్ళు పక్కన కూర్చుని గీతలు గీశావు, కనపడలేదు. కింద దూరితేగాని కనపడలేదు నీకు."

"మా పిల్ల..."

"మీ పిల్లకు చెవి ఉంది. చెప్పి ఉంటే మొదటి నెలకే నన్ను లేపి నా కుర్చీలో కూర్చునేది. నాకు పిల్లల్లేరు తమ్ముడూ. ఉన్నదల్లా ఆ కుర్చీ."

"నేను మార్చి రాస్తాను. ఇవాళే."

"మార్చు. శుభ్రంగా మార్చు." పెద్దల్లుడు తొడుగు అందుకుని వేలికి పెట్టుకున్నాడు. "ఇన్నేళ్ళు చదివినవాళ్ళంతా అడుగుతారు, మరి మొదట తప్పెవరు రాశారని. నేను చెప్పానని నువ్వంటావు. చెప్పలేదని నేనంటాను. ఎవరి మాట నమ్ముతారు? ఇంటికెళ్ళి మీ అమ్మాయికి కూడా చెప్పు, నీ పాదం బంగారమమ్మా, నేనే గాడిదనని. చెప్తావా?"

చిన్నల్లుడు ఇంటికి వెళ్ళాడు. కూతురు షాపు నుంచి వచ్చి చీర మార్చుకుని కూరగాయలు తరుగుతోంది. నోటిదాకా వచ్చింది. "ఏంటి నాన్నా?" అంది తలెత్తి. "ఏం లేదు, ఉప్పుందా అని" అన్నాడు. ఆ రోజు చెప్పలేదు, మర్నాడు చెప్పలేదు. చెప్పాల్సిన మాటకు వయసొచ్చేకొద్దీ, ఎందుకు చెప్పలేదన్న మాట దాని నెత్తికెక్కి కూర్చుంటుంది. సగం క అలాగే ఉండిపోయింది. ఎ పక్కన ఎడమ బాణం ఫాంటులో ఎక్కడో, ఎవరూ పిలవని పేరులాగా.

కొన్నేళ్ళకు పెద్దల్లుడు హాల్లోనే పక్కకు ఒరిగిపోయాడు. మెదడులో నరం. కాళ్ళూ చేతులూ తిరిగొచ్చాయి, మాట కూడా దాదాపుగా వచ్చింది. పాటలు రాలేదు. ఏ తీగ తర్వాత ఏ తీగో, ఏ కాలు ఎప్పుడో, తుడిచిపెట్టుకు పోయింది. డాక్టరు, చదవడం పోలేదు కాబట్టి రాతలుంటే చూసి మళ్ళీ నేర్చుకోవచ్చు అన్నాడు. హాలు యజమాని సీజను మొదలయ్యేదాకా కుర్చీ ఖాళీగా ఉంచుతానన్నాడు, ఆ తర్వాత కాదన్నాడు.

రాతలు ఉండనే ఉన్నాయి. ట్యాబ్ పేజీలన్నీ ఎదురుగా పెట్టుకుని పెద్దల్లుడు చిన్నపిల్లాడిలాగా మొదటి గీత నుంచి మొదలుపెట్టాడు. చిన్నల్లుడి రాత అద్భుతం చేసింది. అంకె చూడగానే చెయ్యి, అక్షరం చూడగానే కాలు. ఒక్కో పాటా తిరిగొచ్చింది. "మరిదిగారూ, మీరే లేకపోతే ఈ మనిషి ఏమైపోయేవాడో" అని వదిన చేతులు పట్టుకుని ఏడ్చింది. అన్నీ వచ్చాయి, ఆ ఒక్క చోటు తప్ప.

ఆ చోటు రాగానే ఆయన పాదం సగం నొక్కేది. వణికేది. తీగ తాగినవాడిలా మెట్లు దిగేది. మళ్ళీ. మళ్ళీ. చెమటలు పట్టేవి. ఆ ఇంటి ముందునుంచి పోయేవాళ్ళు ఆగి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని పోయేవాళ్ళు.

ఒక సాయంత్రం వదిన కబురు పెడితే చిన్నల్లుడు వెళ్ళాడు. కూతురు అప్పటికే ఉంది, మందులు తెచ్చింది.

"తమ్ముడూ, వచ్చావా" అన్నాడు పెద్దల్లుడు. గొంతులో వెటకారం లేదు. అది కూడా నరంతో పాటే పోయినట్టుంది. "నువ్వు పక్కనే కూర్చుని రాశావంట కదా, మీ వదిన చెప్పింది. ఇదిగో, ఇక్కడ. నేనేం చేసేవాణ్ణి? ఏదో చేసేవాణ్ణి. అది తెలుసు. ఏంటో తెలీట్లేదు."

చిన్నల్లుడు కాగితం వైపు చూశాడు. తన అక్షరం తన వైపు చూసింది. చెప్పడానికి ఒక్క మాట చాలు. మోకాలు. కాని గోడకానుకుని కూతురు నిలబడి ఉంది. ఆ మాట వినగానే అది రెండు సంగతులు తెలుసుకుంటుంది, పాదం తప్పు కాదని ఒకటి, నాన్నకు తెలుసని ఒకటి.

"సగం నొక్కేవారండీ అన్నగారూ" అన్నాడు. "రాసినట్టే."

"నొక్కుతున్నానుగా! పలకట్లేదు."

"రాత సరిగ్గానే ఉందండీ. మీ పాదమే సరిగ్గా పడట్లేదు."

గోడ దగ్గర మందుల సంచి చప్పుడైంది.

పెద్దల్లుడు కాళ్ళ వైపు చూసుకున్నాడు. మోకాలితో మీటను తడిమాడు. "మరి ఈ మీటెందుకుంది? నీ కాగితంలో ఎక్కడా లేదు."

"అది ఖాళీదండీ. మీరే చెప్పేవారు. వాచీకి అలారంలాంటిదని."

"నేనే చెప్పానా?" ఆయన బుద్ధిగా తలూపాడు. "అయితే అంతేలే."

కూతురు వచ్చి వాద్యం పక్కన గొంతుక్కూర్చుంది. కిందికి వంగి చూసింది. చెయ్యి పెట్టి ఆ మీటను వేలితో రాసింది. మిగతా మూడు మీటల మీదా నల్లరంగు అక్కడక్కడా పోయింది. దీని మీద రంగన్నదే లేదు. ఇనుము అద్దంలా మెరుస్తోంది, ఏళ్ళ తరబడి మోకాలు రాసుకున్న గుంట పడి.

"ఖాళీ మీట ఇంత అరిగిందేం నాన్నా?"

చిన్నల్లుడు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. తుడిచి, మళ్ళీ తుడిచాడు. కూతురు అతని వైపు చూస్తూనే ఉంది. కళ్ళజోడు పెట్టుకునేదాకా ఆగింది. అప్పటికి దానికి కావాల్సిన జవాబు వచ్చేసింది.

"ఏంటమ్మా? ఏమన్నావు?" అన్నాడు పెద్దల్లుడు.

చిన్నల్లుడు కూతురి నోటివైపు చూశాడు. ఇప్పుడు చెప్తుంది. చెప్తే బాగుణ్ణు అనిపించింది కూడా. చెప్పేస్తే ఈ పీడ వదిలిపోతుంది.

కూతురు లేచి నిలబడింది. పెదనాన్న భుజం మీద చెయ్యి వేసింది, ఆరోజు హాల్లో ఆయన దాని తల నిమిరినంత మెత్తగా.

"ఏం లేదు పెదనాన్నా. పాదం మీద ఇంకాస్త శ్రద్ధ పెట్టండి. పుట్టుకతో ఉన్నదే కదా మీకు, ఎక్కడికీ పోదు." అని, తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, ఈయనకి చూపు కూడా ఆనుతున్నట్టు లేదు. అక్షరాలు పెద్దవి చేసి అచ్చు వేసి ఇవ్వు. సగం క బాగా కనపడేటట్టు."

"అవును మరిదిగారూ, పెద్దవి చేయండి" అంది వదిన. "చిన్నప్పటి నుంచీ మా పిల్లకెంత తెలివో!"

దారిలో కూతురు ముందు నడిచింది. అడుగు నేలకు గట్టిగా, నిండుగా పడుతోంది. వెనక చిన్నల్లుడు. "అమ్మా, నీకు..." అన్నాడు ఒకసారి. అది వెనక్కి తిరగలేదు. షాపు తాళాలు చేతిలో గలగలలాడించుకుంటూ పోయింది.

మర్నాడు అచ్చాఫీసులో అతను ఫైలు తెరిచాడు. ఎ పక్కన ఎడమ బాణం ఎక్కడుందో వేలికి తెలుసు. వేలు దాని దాకా వెళ్ళింది. పెడితే ఎవరడిగి పెట్టినట్టు? కూతురడిగింది అది కాదు. ఈ జన్మలో అది తనను అడిగిన చివరి పని అదేనేమో అనిపించింది అతనికి. వేలు వెనక్కి తీసుకుని, అంకెల్నీ అక్షరాల్నీ రెండింతలు చేశాడు. గీతల మధ్య ఖాళీ పెంచాడు. పేజీ తిప్పే చోటు మళ్ళీ విరామం మీదికి జరిపాడు. ఏ అంకె ఏ అక్షరాన్నీ తాకకుండా చూశాడు. అచ్చు వేసి, మందపాటి అట్టకు అంటించి, పెద్దల్లుడి ఎదురుగా స్టాండు మీద నిలబెట్టాడు. బొటనవేలంత సగం క, పైన నలుపు, కింద తెలుపు, గుమ్మంలోంచి చూసినా కనపడుతోంది.

"ఎంత బాగా రాశారు మరిదిగారూ" అంది వదిన. "గుడ్డివాడైనా చదువుతాడు."

పెద్దల్లుడు దాని వైపు కళ్ళార్పకుండా చూసి, ఊపిరి బిగబట్టి, పాదం సగం నొక్కాడు.